రాస్తే తగ్గుతుంది, ఆపితే మళ్లీ వస్తుంది

చర్మం - సందేహాలు: పాలకొల్లు నుంచి స్కిన్ డాక్టరు జవాబులు

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, మాది ఉండి దగ్గర పల్లెటూరండి. రొయ్యల చెరువులు కౌలుకు చేస్తాను. ఏడాది పైనుంచీ గజ్జల్లో, నడుం చుట్టూ, పిర్రల మీద గుండ్రంగా ఎర్రటి మచ్చలు. ఒకటే దురద. మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే రెండ్రోజుల్లో చల్లబడిపోతుంది. ఆపితే వారం తిరక్కుండా రెట్టింపవుతుంది. మా ఊరి ఆర్‌ఎంపీ గారు ఇంజెక్షన్ చేస్తే నెల రోజులు హాయిగా ఉన్నాను. ఇప్పుడు మా ఆవిడకీ, పాపకీ కూడా వచ్చింది. చెరువు నీళ్లు పడట్లేదంటున్నారు అందరూ. చెరువులు మానేయమంటారా?

జవాబు: చెరువులెందుకండీ మానడం, ముందు ఆ ట్యూబు మానండి.

ఉత్తరంలో అన్నీ రాశారు గానీ ట్యూబు పేరు రాయలేదు. మందుల షాపుకెళ్లి "దురదకి ఏదైనా ఇవ్వండి" అని అడిగి తెచ్చుకునేవాళ్లెవరికీ పేరు గుర్తుండదు. అందుకే మా క్లినిక్‌లో కొత్తగా వచ్చినవాళ్లకి మొదట చెప్పేది, ఇంట్లో ఉన్న ట్యూబులన్నీ, అయిపోయిన వాటితో సహా, ఒక సంచిలో వేసుకు రమ్మని. వాటిని బల్ల మీద పోయించి, మడిచిపెట్టిన తోకలు విప్పి, వెనకాల చీమ తలకాయంత అక్షరాలు చదువుతాను. క్లోబెటాసోల్, బీటామెథాసోన్, బెక్లోమెథాసోన్, మొమెటాసోన్. వీటిలో ఒక్క పేరున్నా అందులో స్టిరాయిడ్ ఉన్నట్టే. మన బజార్లో ఎక్కువగా దొరికేవి నాలుగు మందులు కలిపిన ట్యూబులు: ఒక స్టిరాయిడ్, ఒక ఫంగస్ మందు, ఇంకో రెండు యాంటీబయాటిక్‌లు. ఏది తగిలినా తగలొచ్చని.

మీరు చెప్పినదాన్ని బట్టి ఇది తామర, అంటే చర్మానికి పట్టిన ఫంగస్. గుండ్రటి ఎర్రటి మచ్చలు, నడుం గజ్జలు పిర్రలు, ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి రావడం, అన్నీ అటే చూపిస్తున్నాయి. అయినా చూడకుండా ముద్ర వేయను. సోరియాసిస్, ఎక్జిమా కూడా ఇలా వేషం వేస్తాయి. తేల్చడానికి పెద్ద స్కానింగులేమీ అక్కర్లేదు. మచ్చ అంచు మీద మొద్దు బ్లేడుతో మెల్లగా గీకితే తెల్లటి పొట్టు రాలుతుంది. దాన్ని గాజుపలక మీద వేసి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ఒక చుక్క వేసి, పైన పల్చటి గాజుబిళ్ల పెట్టి కాసేపు ఆగుతాం. చర్మపు పొట్టు కరిగి తేటపడుతుంది, ఫంగస్ కరగదు. మైక్రోస్కోపులో చూస్తే కొమ్మలు చీలుతూ పోయే సన్నటి పోగులు కనిపిస్తాయి. పేషెంటుని కూడా పిలిచి చూపిస్తాను. తన ఒంటి మీద ఏం పాకుతోందో కళ్లారా చూసినవాడు మందు మధ్యలో మానడం నేను తక్కువగా చూశాను. ట్యూబు రాసి వస్తే ఈ పరీక్ష సరిగ్గా తేలదు. వచ్చేముందు కొన్ని రోజులు ఏమీ రాయకుండా రండి.

ఇక ట్యూబు సంగతి. దురద, ఎరుపు అనేవి ఫంగస్ మీద మీ ఒళ్లు చేస్తున్న పోరాటం. స్టిరాయిడ్ ఆ పోరాటాన్ని ఆపేస్తుంది. దురద పోతుంది, ఎరుపు పోతుంది, ఫంగస్ మాత్రం అడ్డూ ఆపూ లేకుండా పాకుతుంది. ఆపగానే ఒళ్లు మేలుకుని మళ్లీ పోరు మొదలుపెడుతుంది. మీరు రాసిన "రెట్టింపు" అదే. ఇలా నెలల తరబడి వాడినవాళ్లకి వలయంలో వలయం, దానిలో ఇంకో వలయం కనిపిస్తాయి. గజ్జల్లో, తొడల లోపల తెల్లటి చారలు పడతాయి. గర్భిణుల పొట్ట మీద పడే చారల్లాంటివే గానీ లోతు ఎక్కువ, ఇక జీవితాంతం పోవు. ఇంటర్ చదివే కుర్రాళ్లకి కూడా ఈ చారలు చూస్తుంటే నాకు కోపం వస్తుంది, కుర్రాళ్ల మీద కాదు. కేంద్రం 2018లోనే స్టిరాయిడ్ పూతమందుల్ని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. చీటీ అడిగే షాపు మీకెన్నడైనా తగిలిందా?

నెల రోజులు హాయిగా ఉంచిన ఇంజెక్షన్ కూడా చాలావరకు స్టిరాయిడే అయ్యుంటుంది, ఎక్కువ కాలం పనిచేసే రకం. షుగరు ఉన్నవాళ్లకి అది చేస్తే షుగరు ఎక్కడికో పోతుంది. ఇంకోటి చేయించుకోవద్దు.

చెరువు నీళ్లు పడకపోవడం అనేది చెరువుల ప్రాంతంలో అందరూ అనే మాట. ఇప్పుడు మన దగ్గర తిరుగుతున్న తామర ఫంగస్ నీళ్లలోంచి, బురదలోంచి రావడం లేదు, మనిషి నుంచి మనిషికి వస్తోంది. దీని పేరు ట్రైకోఫైటాన్ ఇండోటినే. 2020లో ఆ పేరు పెట్టారు. పేరులోనే మన దేశం ఉంది, అదొక ఘనత మనకి! 2023లో న్యూయార్క్‌లో కూడా కేసులు బయటపడ్డాయి. పాత తామర రెండు మూడు వారాల పూతమందుకి లొంగేది. ఇది లొంగదు. టెర్బినాఫిన్ అనే మంచి మందుని తట్టుకోవడం చాలా ఫంగస్‌లు నేర్చుకున్నాయి. కాబట్టి మీ పక్క చెరువు ఆయనకి పనిచేసిన మాత్ర మీకు పనిచేస్తుందని లేదు.

నీళ్లు చేసే అపకారం వేరే ఉంది. తెల్లారి రొయ్యలు మేత తిన్నాయో లేదో తెలిపే చెక్‌ట్రేలు చూడ్డానికి దిగుతారు, తడిసిన నిక్కరుతోనే గట్టు మీద టీ తాగుతారు, ఒంటి గంట దాకా అదే ఉంటుంది. తడి, ఉక్క, రాపిడి మూడూ కలిసిన చోట ఫంగస్‌కి అంతకంటే ఏం కావాలి? గట్టు మీద షెడ్డులో పొడి లుంగీ ఒకటి పెట్టుకోండి. చెరువులోంచి రాగానే తుడుచుకుని మార్చుకోండి. జీన్సు ప్యాంట్లు ఈ నాలుగైదు నెలలూ పక్కన పెట్టండి.

మొలతాడు ఉందా? ఉంటుంది. దాన్ని తీసేయండి. నడుం చుట్టూ మచ్చలున్న మగవాళ్లని అడిగితే, ఆ తాడు మార్చి ఎన్నేళ్లయిందో వాళ్లకే తెలియదు. చెమట పట్టి, ఎండక, ఫంగస్‌ని మోస్తూ తిరుగుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే వెండిది కట్టుకోండి, రోజూ సబ్బుతో కడిగి తుడవడానికి వీలుంటుంది. తామర పూర్తిగా తగ్గాక మీ ఇష్టం.

మందు వారాల లెక్క కాదు, నెలల లెక్క. మామూలుగా ఇట్రకోనజోల్ అనే ఫంగస్ మందు క్యాప్సూల్స్ ఇస్తాం. మచ్చలన్నీ పోయేదాకా, పోయాక ఇంకొన్నాళ్లు. ఇక్కడ ఒక చిక్కుంది. ఈ క్యాప్సూల్ ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి. మనవాళ్లలో చాలామంది పొద్దున్న లేవగానే గ్యాస్ మాత్ర వేసుకుంటారు, అది ఆ ఆమ్లాన్నే తగ్గిస్తుంది. పాంటాప్రజోల్ వేసుకుని, ఇట్రకోనజోల్ మింగి, "ఖరీదైన మందు కూడా పనిచేయలేదండీ" అంటారు. గ్యాస్ మాత్ర సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పండి. క్యాప్సూల్ కడుపునిండా అన్నం తిన్నాక వేసుకోండి. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి, గర్భిణులకి ఈ మందు ఇవ్వం. కొలెస్ట్రాల్ మాత్రల్లో కొన్నిటితో కలవదు. లివర్ పరీక్ష చేయించి మొదలుపెడతాం. పూతమందు స్టిరాయిడ్ లేనిది, మచ్చ దాటి చుట్టూ రెండు సెంటీమీటర్ల దాకా, రోజుకి రెండుసార్లు, మచ్చ పోయాక కూడా రెండు వారాలు రాయాలి.

ముందే చెబుతున్నాను, పాత ట్యూబు ఆపిన మొదటి వారం పది రోజులు మీరు నన్ను తిట్టుకుంటారు. దురద పెరుగుతుంది. దానికి రాత్రిపూట మాత్ర ఇస్తాం. అప్పుడు షాపుకి పరుగెత్తితే కథ మళ్లీ మొదటికొస్తుంది.

మీ ఆవిడకీ, పాపకీ కూడా మీతో పాటే వైద్యం మొదలవ్వాలి. ముగ్గురికీ మూడు తువ్వాళ్లు. బట్టలు వేడినీళ్లలో నానబెట్టి ఉతికి, తిరగేసి ఎండలో ఆరేయండి. వానాకాలంలో ఎండ లేకపోతే లోపలి వైపు ఇస్త్రీ పెట్టండి.

ప్రశ్న: మా అత్తగారికి డెబ్బై దాటాయి. రాజోలు దగ్గర ఉంటాం. నాలుగు నెలలుగా ఒళ్లంతా దురద. రాత్రిళ్లు నిద్రే లేదు, దువ్వెనతో వీపు గోక్కుంటూ కూర్చుంటారు. మచ్చలేమీ లేవు, గోకిన గీతలు తప్ప. షుగరుకీ, బీపీకీ మాత్రలు వాడుతున్నారు. వేడి చేసిందని కొందరు, పెద్దతనం అని కొందరు. వేపాకు నీళ్లు కాచి పోస్తున్నాం.

జవాబు: ఆరు వారాలు దాటిన దురదని మేం దీర్ఘకాలిక దురద అంటాం. నాలుగు నెలలంటే వేడి అని ఊరుకునే దశ ఎప్పుడో దాటిపోయింది.

మచ్చలు లేని దురదలో నేను మొదట చూసేది వీపు. లోపలి జబ్బు వల్ల వచ్చే దురదలో చెయ్యి అందినంతమేరా గీతలుంటాయి, చెయ్యి అందని నడివీపు నున్నగా ఉంటుంది. అంటే చర్మంలో జబ్బు లేదు, గోకడమే ఉంది అని అర్థం. మీ అత్తగారు దువ్వెన వాడుతున్నారు కాబట్టి ఆ ఆనవాలు చెరిగిపోయి ఉంటుంది. దువ్వెన దాచేయండి, పుండ్లు పడతాయి.

తర్వాత మోకాలి కింద ఎముక మీద చర్మం చూడండి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు చేను నెర్రెలిచ్చినట్టు సన్నటి గీతలతో, పొట్టు రాలుతూ ఉందా? పెద్ద వయసులో దురదకి అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం ఈ పొడిబారడమే. అలా ఉంటే పొగలు కక్కే నీళ్లు, సున్నిపిండితో రుద్దడం ఆపండి. వేపాకు నీళ్ల మీద నాకు కోపం లేదు గానీ, మరిగే నీళ్లలో వేపాకు ఉన్నంత మాత్రాన చర్మం పొడిబారకుండా ఉండదు. గోరువెచ్చటి నీళ్లు, సబ్బు చంకలకీ గజ్జలకీ మాత్రం. ఒళ్లు తడి ఆరీ ఆరకుండానే కొబ్బరినూనె పట్టించండి. కోనసీమలో ఉండి క్రీముల కోసం వెతుక్కోవడం దేనికి? చర్మం చిట్లిన చోట మాత్రం పెట్రోలియం జెల్లీ మంచిది.

రెండు మూడు వారాలు శ్రద్ధగా ఇలా చేసినా తగ్గకపోతే, లేదా చర్మం అసలు పొడిగా లేకపోతే, రక్తపరీక్షలు. రక్తం ఎంత ఉంది, ఐరన్ నిల్వ, కిడ్నీకి క్రియాటినిన్, లివర్ పరీక్షలు, థైరాయిడ్, షుగరు. కిడ్నీ దెబ్బతింటే దురద వస్తుంది, పైత్యరసం దారి మూసుకుపోతే కామెర్లు పచ్చగా కనపడకముందే దురద రావచ్చు. బరువు తగ్గుతున్నా, రాత్రి చెమటలు పడుతున్నా, మెడలో చంకల్లో గడ్డలు తగిలినా ఆ వారాలు ఆగకుండా వెంటనే చూపించండి, అది వేరే దారి.

షుగరు మాత్రల చీటీ కూడా తెండి. పేరు చివర "గ్లిప్టిన్" ఉన్న మాత్రలు వాడే పెద్దవాళ్లలో కొద్దిమందికి బుల్లస్ పెంఫిగాయిడ్ అనే జబ్బు వస్తుంది. ముందు నెలల తరబడి వట్టి దురద, ఆ తర్వాత గట్టి నీటిబుగ్గలు. ఒక్క బుగ్గ కనిపించినా చిదమకుండా తీసుకురండి. పక్కనున్న చర్మం నుంచి చిన్న ముక్క తీసి ఇమ్యునోఫ్లోరెసెన్స్ పరీక్షకి పంపితే తేలిపోతుంది. బయాప్సీ అనగానే మనవాళ్లు క్యాన్సర్ అనుకుని ఏడుస్తారు. జబ్బు పేరు తెలుసుకోవడానికి తీసే బియ్యపుగింజ పాటి ముక్క అది. మాత్ర మాత్రం మీరే ఆపేయకండి, షుగరు డాక్టరుతో మాట్లాడి మార్పిస్తాం.

దురదకి వాడే మామూలు ఎలర్జీ మాత్రలు కిడ్నీ దురద మీద పెద్దగా పనిచేయవు. దానికి గాబాపెంటిన్ కొద్ది మోతాదులో, లేదా అల్ట్రావయొలెట్ కాంతి చికిత్స. పైగా మత్తునిచ్చే ఎలర్జీ మాత్ర వేసుకుని రాత్రి బాత్రూముకి లేచి తూలిపడి తుంటి విరిగితే, దురద కంటే పెద్ద కష్టం.

ప్రశ్న: మా అబ్బాయి హాస్టల్ నుంచి సెలవులకి వచ్చాడు. వేళ్ల సందుల్లో చిన్న పొక్కులు, రాత్రయితే ఒకటే గోకుడు. వాడికి మందు రాశాం, తగ్గి మళ్లీ వచ్చింది. ఇప్పుడు మా చిన్నదానికీ మొదలైంది. (తణుకు నుంచి ఒక తల్లి)

జవాబు: గజ్జి అమ్మా, చర్మంలో దూరే చిన్న పురుగు వల్ల వస్తుంది. పేరు చెబితే పరువు పోతుందని దాచుకోవడం వల్లే ఇది ఊరంతా తిరుగుతుంది. శుభ్రంగా ఉండే ఇళ్లలోనూ వస్తుంది. వేళ్ల సందులు, మణికట్టు, బొడ్డు, నడుం, మగపిల్లలకి మర్మాంగం మీద గట్టి పొక్కులు చూడండి.

వాడొక్కడికే రాశారు, అక్కడొచ్చింది చిక్కు. పురుగు మొదటిసారి పట్టిన మనిషికి దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. దురద లేని మీకూ, మీ వారికీ, మామ్మగారికీ అప్పటికే పట్టి ఉండొచ్చు. 5 శాతం పెర్మెత్రిన్ క్రీము ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి. మెడ దగ్గర్నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కింద, బొడ్డులో, వేళ్ల సందుల్లో. చేతులు కడుక్కుంటే మళ్లీ రాయండి. తెల్లారాక స్నానం. వారం తర్వాత ఇంకోసారి. రెండు నెలల లోపు పసిపిల్లలకి గంధకం ఆయింట్‌మెంట్ ఇస్తాం, పెర్మెత్రిన్ వద్దు. దుప్పట్లు, తలగడ గలీబులు వేడినీళ్లలో ఉతకండి. ఉతకలేనివి గోనెసంచిలో కాకుండా గాలి చొరని ప్లాస్టిక్ కవరులో వారం కట్టి ఉంచండి. మనిషి ఒళ్లు దొరక్కపోతే ఆ పురుగు రెండు మూడు రోజుల్లో చస్తుంది.

పురుగు చచ్చినా దురద రెండు మూడు వారాలు ఉంటుంది. మందు పనిచేయలేదని రోజూ రాయకండి, చర్మం మండిపోతుంది. పొక్కుల్లో చీము పట్టిందంటే మాత్రం వెంటనే చూపించండి. ఆ చీములోని సూక్ష్మక్రిమి వల్ల కొందరు పిల్లలకి కొన్ని వారాలకి కిడ్నీలు వాస్తాయి. పొద్దున్నే మొహం ఉబ్బడం, మూత్రం టీ డికాషన్ రంగులో రావడం దాని గుర్తులు. వాడి హాస్టల్ వార్డెన్‌కి ఫోన్ చేయండి. గదిలో మిగతావాళ్లకి వైద్యం జరగకపోతే వీడు వెళ్లిన నెలకే మళ్లీ తెచ్చుకుంటాడు.

ప్రశ్న: భీమవరం దగ్గర షెడ్డులో రొయ్యలు వలిచే పని చేస్తాను మేడమ్. చేతులు పగిలి, దురద, మంట. ఆదివారం తగ్గుతుంది, సోమవారం మొదలు.

జవాబు: ఆదివారం తగ్గుతుందని రాశారు చూడండి, సగం రోగనిర్ధారణ మీరే చేసేశారు. ఐసు, క్లోరిన్ నీళ్లు, రోజంతా తడి కలిసి చేతి చర్మం మీదున్న జిడ్డుని కడిగేస్తాయి, ఎక్జిమా వస్తుంది. దానికి స్టిరాయిడే మందు, అవును, పైన తిట్టిన స్టిరాయిడే. సరైన జబ్బుకి, సరైన బలంలో, సరైన రోజులు వాడితే అంత మంచి మందు లేదు.

ఒక్క సంగతి గమనించి రాయండి: రొయ్య ముట్టుకున్న పది ఇరవై నిమిషాల్లోనే దద్దు లేచి దురద పుడుతోందా, లేక సాయంత్రానికా? వెంటనే అయితే రొయ్యలోని ప్రొటీనుకే ఎలర్జీ కావచ్చు, దానికి చర్మం మీద చుక్క పెట్టి సూదితో పొడిచే పరీక్ష ఉంది. గ్లౌజులు వేసుకున్నాకే ఎక్కువైతే రబ్బరు పడలేదేమో. వీపు మీద పట్టీలు అంటించి రెండు రోజుల తర్వాత ఒకసారి, నాలుగో రోజు ఇంకోసారి చూసే ప్యాచ్ టెస్టులో అది బయటపడుతుంది. పట్టీలున్నన్నాళ్లూ వీపు తడపకూడదు, అందుకని శనివారం మొదలుపెట్టించుకోండి. ఇలాంటి పరీక్షలకి కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్)లో డీవీఎల్ అని బోర్డుండే విభాగంలో అడగండి, చర్మవ్యాధుల విభాగం అదే. ఈలోగా లోపల పల్చటి నూలు గ్లౌజులు, పైన రబ్బరువి వేసుకోండి. నూలువి తడిస్తే మార్చుకోండి. రాత్రి పడుకోబోయే ముందు చేతులకి పెట్రోలియం జెల్లీ దట్టంగా పట్టించండి.

ప్రశ్న: తామరకి మందు వాడుతున్నాను. వంకాయ, గోంగూర, నీచు మానేయమన్నారు. పులసలు వచ్చే రోజులు. తినొచ్చా?

జవాబు: తినండి. ఫంగస్‌కి వంకాయతో పని లేదు, గోంగూరతో అంతకంటే లేదు. పత్యం పేరుతో నెలల తరబడి చారు మెతుకులు తిని నీరసపడి వచ్చేవాళ్లని చూస్తే జాలేస్తుంది. ఏదైనా తిన్న గంట రెండు గంటల్లో దద్దుర్లు లేచినా, పెదవులు వాచినా అది ఎలర్జీ, ఆ పదార్థం ఇక ముట్టకండి. ఊపిరాడకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఇంతవరకూ పులస పడినవాళ్లకి తామర వచ్చిందని పులస పడకుండా పోదు. ఇట్రకోనజోల్ అన్నం తిన్నాకే వేసుకోవాలి కాబట్టి, ఆ పూట కూర బాగుంటే ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తినండి.